స్టిక్కరు కింద దీపం

నేను ఒక ఊపిరి మిషన్‌ని. డాక్టర్లు ఆక్సిజన్ కాన్సంట్రేటర్ అంటారు. బస్తీలో అంత పేరుకి ఎవరికీ నోరు తిరగదు కాబట్టి అక్కడ మిషన్ అంటే నేనే. నడుం దాకా వచ్చే ఎత్తు, కింద నాలుగు చక్రాలు, ముందువైపు ఒక గుండ్రటి మీట, మీట పక్కన కందిగింజంత దీపం. నేను బాగుంటే ఆ దీపం ఆకుపచ్చగా వెలుగుతుంది. నాలో తేడా వస్తే పసుపు రంగుకి మారుతుంది. నాకున్న నోరు అదొక్కటే.

ప్రస్తుతం హైదరాబాదు శివార్లలో, కిష్టయ్య అనే ఆయన పాతసామాన్ల గోదాములో ఉన్నాను. ఒక పక్క తలుపు ఊడిన ఫ్రిజ్జు, ఇంకో పక్క పగిలిన కూలర్లు. నన్ను విప్పి ముక్కలు చేసే వంతు వచ్చేలోగా నా సంగతి చెప్పేస్తాను. నేను చెప్పబోయేది ఎక్కువగా భయం గురించే. మిషన్‌కి భయమేమిటని మీకు నవ్వు రావచ్చు. ఒకరి ప్రాణం మీ చేతిలో ఉండి, మీ ప్రాణం ఇంకెవరి చేతిలోనో ఉంటే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

నన్ను చేసిన ఫ్యాక్టరీ సముద్రం అవతల ఉంది. అక్కడ నా పొట్టలో రెండు గొట్టాలు బిగించి, వాటి నిండా సగ్గుబియ్యం కన్నా సన్నటి తెల్ల గింజలు పోశారు. బయటి గాలిని నేను లోపలికి లాక్కుంటాను. అందులో అక్కర్లేనిదాన్ని ఆ గింజలు పట్టుకుంటాయి. మిగిలిన ప్రాణవాయువు నీళ్లసీసాలో బుడబుడమంటూ దాటి, సన్నటి పైపులోంచి రోగి ముక్కుకి చేరుతుంది. నేను చేసేది ఇంతే. పిండి జల్లించే ఆవిడ కూడా ఇంతకన్నా గొప్పలు చెప్పుకోదు. అయితే ఆ గింజలు శాశ్వతం కావు. కొన్నేళ్లకి అరిగిపోతాయి, మార్చాలి. మార్చకపోతే నేను రొద చేస్తూనే ఉంటాను, సీసాలో బుడగలు వస్తూనే ఉంటాయి, ముక్కుకి చేరేది మాత్రం ఉత్త గాలి.

హైదరాబాదు చేరాక నన్ను డబ్బాలోంచి తీసి, ప్లగ్గు కూడా పెట్టకముందే వీపు మీద స్టిక్కరు అంటించారు. ఫలానా దాతల కానుక అని ఇంగ్లీషులో రాసి ఉంది. నాకు లోలోపల నవ్వొచ్చింది. గాలి ఆ బస్తీది, పీల్చేది ఆ బస్తీ మనుషులు. జల్లెడ ఇచ్చిన పుణ్యానికి గాలి మొత్తం కానుకైపోయింది. అప్పట్లో ఇలాంటివాటికి నవ్వుకునే తీరిక ఉండేది.

బర్మాలో ఇళ్లు తగలబెడితే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నది దాటి, ఇంకో దేశం దాటి, రైళ్లెక్కి వచ్చినవాళ్ల బస్తీ అది. వెదురూ టార్పాలిన్లూ రేకులూ కలిపి వేసుకున్న గుడిసెలు. జాగా అద్దెది, నీళ్లు ట్యాంకరువి, కరెంటు పక్కనున్న కిష్టయ్య గోదాము నుంచి లాగిన తీగది. ఆడా మగా చాలామంది ఆ గోదాములోనే చెత్త వేరుచేసే పనికి పోతారు. బస్తీ మొదట్లో రెండు గదుల రేకుల షెడ్డు. నీడపట్టు అనే సేవాసంస్థ అక్కడ క్లినిక్ నడిపేది. నేను కొలువుదీరింది అందులోనే.

క్లినిక్ నడిపేది సరోజన అనే నర్సు. భువనగిరి వైపు మనిషి, గొంతు పెద్దది, చెయ్యి మెత్తన. సంస్థ తరఫున మంచిచెడ్డలు చూసేది సుధీంద్ర గారు. మంచాయనే. కానీ ఆయన ఫోన్ మోగినప్పుడల్లా ముందు ఆయన ముఖం చూడాలి, తర్వాతే ఫోన్ సంగతి. అద్దె, మందులు, సరోజన జీతం, ఆయన జీతం, అన్నీ ఢిల్లీలో ఉండే ఒక దాతల ఆఫీసు సంతకం మీద ఆధారపడి ఉన్నాయి. ఇంకో దారి వెతుక్కుందామని ప్రతి ఏడూ అనుకునేవారు. సంతకం పడగానే మర్చిపోయేవారు.

నా పైపు ముందుగా అందుకున్నది రొషీదా. వయసు యాభై దాటదు, చూస్తే డెబ్బై అంటారు. క్షయ తగ్గింది గానీ పోతూపోతూ ఊపిరితిత్తుల్ని చిరిగిన చాపలా చేసి పోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, అన్నం నమిలితే ఆయాసం. కూతురు సెనోవారా ఆమెని దాదాపు ఎత్తుకుని తీసుకొచ్చింది. సరోజన పైపు ముక్కుకి తగిలించి మీట తిప్పింది. కాసేపటికి రొషీదా పెదవుల మీది నీలం కరిగి, మనిషి రంగు వచ్చింది. కళ్లు తెరిచి కూతురితో తన భాషలో ఏదో అంది.

"ఏమంటుందే మీ అమ్మ?" అని సరోజన అడిగింది.

"గాలి సల్లగుందంట అక్కా. మా ఊరి నది మీది గాలి లెక్క ఉందంట," అంది సెనోవారా. గోదాములో పనిచేస్తూ నేర్చుకున్న తెలుగు ఆ పిల్లది.

సరోజన ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నా దీపం మీద పెట్టింది. "మతికుంచుకో బిడ్డా. ఇది ఆకుపచ్చగ ఉన్నన్ని రోజులు నిమ్మళంగ ఉండు. పసుపు అయ్యిందంటే నాకు ఫోన్ కొట్టు. నేను ఎత్తకపోతే ఆగకు. మీ అమ్మను పెద్ద దవాఖానకు తీస్కపో."

ఆ మాట వినగానే నాకు ధైర్యం వచ్చింది. నా నోటి భాష తెలిసిన మనిషి ఒకరు తయారయ్యారనుకున్నాను. నాకు గొంతు కూడా ఉండేది లెండి. కరెంటు పోయినప్పుడల్లా కీచుమని అరిచేదాన్ని. బస్తీలో కరెంటు పోని రోజు లేదు కాబట్టి, మీటింగులకి అడ్డమొస్తోందని ఒక ఎలక్ట్రీషియన్ని పిలిచి ఆ తీగ తెంపించారు. అలా దీపమొక్కటే మిగిలింది.

దాతల సంగతి చెప్పాలి. వాళ్లు చెడ్డవాళ్లు కారు. కానీ వాళ్ల మనసు ఏటికో వైపు మళ్లుతుంది. ఒక ఏడు ఊపిరితిత్తుల మీద దయ కలిగింది, నేను వచ్చాను. మరుసటి ఏడు ఒంటరి మహిళల మీద కలిగింది. సుధీంద్ర గారు గోడ మీది బోర్డు మార్పించి, రొషీదాని ఒంటరి మహిళల లెక్కలో చేర్చారు. తర్వాతి ఏడు తుఫానులూ వాతావరణమూ వచ్చాయి. ఆవిడ ఊళ్లో ఎప్పుడో వచ్చిన తుఫాను గురించి అడిగి, అందులో చేర్చారు. రోగం అదే, మనిషి అదే, పైపు అదే. తను ఇన్ని రకాల మనిషినని రొషీదాకి తెలియను కూడా తెలియదు. ఆమెకి తెలిసిందల్లా ఆ సంతకం వచ్చే కాలంలో క్లినిక్‌లో అందరి గొంతులూ తగ్గిపోతాయని. ఆ రోజుల్లో ఆమె నా పైపుని చేత్తో గట్టిగా పట్టుకుని కూర్చునేది, ఎవరో లాగేసుకుంటారన్నట్టు.

నా గింజలు అరగడం మొదలైందని సరోజన ముందే పసిగట్టింది. రొషీదా వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెట్టి చూస్తే అంకె మునుపటిలా ఎక్కడం లేదు.

"సార్, మిషన్ లోపలి గింజలు మార్పియ్యాలె. కంపెనీ ఆయనకు ఫోన్ చేసిన, వస్తనంటుండు," అంది.

సుధీంద్ర గారు తల గోక్కున్నారు. "కొత్త మిషన్ కావాలంటే అడగొచ్చు సరోజన గారూ. పాతదాని రిపేరు కంటే ఇవ్వరు. దానికి బడ్జెట్‌లో హెడ్డు లేదు."

"కొత్త మిషన్ కన్న ఇది మస్తు తక్కువల అయితది కద సార్."

"అదే చెప్పాను. గింజల మీద స్టిక్కరు ఎక్కడ అంటిస్తారండీ?"

ఆయన పరిహాసానికే అన్నా ముఖంలో నవ్వు లేదు. మేడం వస్తున్నారు, ఆవిడ ఉండగా నోటితో అడుగుతానన్నారు. ఢిల్లీ ఆఫీసు నుంచి పెద్ద మేడం బస్తీ చూడటానికి వస్తోందని అప్పటికి వారంగా హడావుడి పడుతున్నారు. ఆవిడ చూసి వెళ్లి చెప్పే మాట మీదే వచ్చే ఏటి సంతకం.

ఆ రోజు పొద్దున సుధీంద్ర గారు కొత్త స్టిక్కరు తెచ్చారు. పాతదానికి రెండింతలుంది. వీపు మీద అంటిస్తే ఫొటోలో రాదని ముందువైపు అంటించారు. మీట కనబడాలి కాబట్టి కాస్త పక్కకి జరిపారు. సరిగ్గా నా దీపం మీద పడింది.

"సార్, లైటు మూసుకపోయింది," అంది సరోజన.

"మేడం వెళ్లిపోగానే తీసేద్దామండీ. ఈ ఒక్క పూటకే."

నాకు నోటికి గుడ్డ కట్టినట్టయింది. అప్పటికింకా నా దీపం ఆకుపచ్చే. కానీ ఎన్నాళ్లుంటుందో నాకు తెలుసు. ఈ ఒక్క పూటకేనన్న మాట పట్టుకుని వేలాడాను.

బస్తీ మాత్రం పండగలా తయారైంది. వాళ్ల దేశంలో ఒక ఆనవాయితీ ఉంది. ఇంటికొచ్చిన మనిషికి ఆకూ వక్కా ఇవ్వకుండా పంపరు. ఇచ్చే మనిషి నీరసంగా, ఏడుపు ముఖంతో కనిపించడం అతిథికి అవమానం. ఆకలైతే ఆకలి దాచాలి, జబ్బైతే జబ్బు దాచాలి. అందుకని బాగా మంచాన పడ్డవాళ్లని వెనక గుడిసెల్లోకి చేర్చారు. పిల్లలకి తలకి నూనె రాసి, ఉన్నవాటిలో మంచి బట్టలు వేశారు. రొషీదా ఎక్కడిదో జరీ ఓణీ కప్పుకుని, పళ్లెంలో ఆకులు సర్దుకుని కూర్చుంది.

మేడం క్లినిక్ గడప తొక్కగానే రొషీదా చేసిన పని చూసి నా గుండె ఆగినంత పనైంది. ముక్కుకున్న పైపు తీసి ఓణీ కింద దాచేసింది. ముక్కున గొట్టం వేలాడేసుకుని ఎవరైనా అతిథికి తాంబూలం ఇస్తారా? లేచి నిలబడింది. రెండు చేతులా పళ్లెం అందించింది. నవ్వింది. పైపు ఓణీ కింద బుసకొడుతోంది, నేను పంపుతున్న ఊపిరంతా బట్టకి పోతోంది. ఆమె పెదవులు నీలమవుతున్నాయి. వక్క నములుతున్న నోరు ఎలాగూ ఎర్రగానే ఉంటుంది కాబట్టి మేడంకి అదేమీ కనబడలేదు.

"ఎంత బాగా కోలుకున్నారో!" అంది మేడం హిందీలో. కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి ఆవిడకి. గింజల సంగతి అడుగుదామని సుధీంద్ర గారు నోరు తెరిచారు. అంత సంతోషంగా ఉన్న మనిషి ముందు రిపేరు మాట ఎత్తడానికి నోరు రాక మూసుకున్నారు. ఫొటోలు తీశారు. కారు కదిలి దుమ్ము అణగకముందే రొషీదా కూలబడింది. సెనోవారా ఓణీ కింద పైపు వెతికి ముక్కుకి పెట్టింది.

"ఎందుకు తీసినవమ్మా?" అని సరోజన అరిచింది.

"ఇజ్జత్," అంది రొషీదా, ఊపిరి దొరికాక. ఒక్క మాటే అంది.

ఆ గందరగోళంలో స్టిక్కరు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తర్వాత గుర్తు రావడానికి తీరిక లేకుండా పోయింది. ఆ వారంలోనే ఢిల్లీ నుంచి కబురొచ్చింది. బస్తీ ప్రజలు తమ కాళ్ల మీద తాము నిలబడటం చూసి తమకెంతో ఆనందం కలిగిందనీ, ఇంకా ఎక్కువ అవసరం ఉన్న చోటు కోసం ఈ సాయాన్ని మళ్లిస్తున్నామనీ దాని సారాంశం. ఎక్కడో కొత్త యుద్ధం మొదలైంది, అందరి దయా అటు మళ్లింది. సుధీంద్ర గారు సరోజనకి చదివి వినిపించి, గోడకి చేరబడి కిందే కూర్చుండిపోయారు. బస్తీవాళ్లు దుఃఖం దాచుకున్నందుకు శిక్ష పడింది. దాచుకోకపోతే బావుండేదని ఏ నోటితో చెప్పగలరు?

షెడ్డు ఖాళీ చేయడం మొదలుపెట్టారు. మంచాలు, బీరువా, వేలి క్లిప్పు, అన్నీ నగరంలోని హెడ్డాఫీసు స్టోరుకి పోవాలి. నేను కూడా పోవాలి. దాత సొమ్ముతో కొన్న వస్తువు ఒక మనిషి ఇంట్లో ఉండకూడదని నియమం. అది విని రొషీదా నా దగ్గరికి వచ్చింది. చక్రాల దగ్గర నేల మీద కూర్చుని నా పక్కకి తల ఆనించింది.

అప్పుడు సుధీంద్ర గారు తన జీవితంలో మొదటిసారి కాబోలు, ఒక అబద్ధానికి ధైర్యం చేశారు. "ఇది చెడిపోయిందని చెప్పేస్తాను. పనికిరాని సామాను మోసుకురమ్మని ఎవరూ అనరు. తీసుకెళ్లమ్మా," అని సెనోవారాతో అన్నారు. మళ్లీ భయం పట్టుకుంది ఆయన్ని. "ఆ స్టిక్కరు మాత్రం జాగ్రత్త. సామాన్ల లెక్క చూడ్డానికి ఎవరైనా వస్తే చిరిగి ఉండకూడదు. ఈ సంగతి బయటపడితే నాకు ఇంకెక్కడా ఉద్యోగం దొరకదు."

చెడిపోయిందని ఆయన చెప్పిన అబద్ధం అప్పటికే సగం నిజం. ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే. సరోజన నగరానికి అటు చివర ఒక నర్సింగ్ హోములో పని చూసుకుంది. వెళ్లేముందు సెనోవారా ఫోన్‌లో తన నంబరు మళ్లీ సరిచూసింది. ఇద్దరూ ఏడ్చారు. ఆ ఏడుపులో ఆవిడ నా ముఖం వైపు చూడనే లేదు.

గుడిసెలో నా కాపురం మొదలైంది. కిష్టయ్య మీటరు నుంచి తీగ లాగుకోనిచ్చాడు. "నా కరెంటు ఉన్నన్నొద్దులు నడుపుకో బిడ్డా. బిల్లు ఎక్కువొస్తె మల్ల చూద్దాం," అన్నాడు. ఆ మాటలో దయ ఎంతుందో బెదిరింపూ అంతే ఉంది. ఢిల్లీ సంతకం పోయి కిష్టయ్య స్విచ్చు వచ్చింది, అంతే తేడా. గోదాములో పెద్ద మోటారు వేసినప్పుడల్లా కరెంటు తగ్గి నా రొద బొంగురుపోయేది. తల్లీకూతుళ్లిద్దరూ మాట్లాడటం ఆపి నా వైపు చూసేవారు. మోటారు ఆగాక మళ్లీ మాట్లాడుకునేవారు.

సెనోవారా నన్ను కళ్లలో పెట్టుకుని చూసుకుంది. రోజూ పనికి వెళ్లేముందు తడిగుడ్డతో నా ఒళ్లంతా తుడిచేది. స్టిక్కరుని ఇంకా శ్రద్ధగా, అది దేవుడి పటమన్నంత భక్తిగా తుడిచేది. తుడిచి, నా రొద ఒకసారి విని, సీసాలో బుడగలు చూసి, తల్లితో "మా, మిషన్ నడుస్తుంది. నేను పోయొస్త," అని వెళ్లేది.

ఒక రోజు, అలా ఆమె వెళ్లాక, నా దీపం పసుపు రంగుకి మారింది.

నేను ఎంత భయపడ్డానో చెప్పలేను. నా నోరు నేను తెరిచాను, దాని మీద దాత పేరు అంటించి ఉంది. ఎదురుగా రొషీదా నా వైపే చూస్తోంది. నా రొద వింటోంది, బుడగలు చూస్తోంది, నేను ఉన్నాననే ధైర్యంతో పీలుస్తోంది. నేను పంపేదాంట్లో ప్రాణం రోజురోజుకీ తగ్గిపోతోంది. నమ్మినవాళ్లని మోసం చేయడం ఇంత సులువని నాకు అప్పుడు తెలిసింది. ఏమీ చేయనక్కర్లేదు, మామూలుగా శబ్దం చేస్తూ ఉంటే చాలు.

రొషీదా మాటలు ముందు తగ్గాయి. తర్వాత తిండి తగ్గింది. కాళ్లకి నీరు పట్టింది. పొద్దున లేస్తే తలనొప్పి, పగలంతా మగత. జబ్బు ముదిరిందనుకుంది సెనోవారా. భయపడి మీట పెంచింది. ఎక్కువ తిప్పితే ఎక్కువ ఊపిరి వస్తుందని ఎవరైనా అనుకుంటారు. కానీ అరిగిన గింజల మీదికి గాలిని వేగంగా తోస్తే అవి అసలే పట్టుకోలేవు. మీట ఒక గీత పెరిగితే రొషీదా ప్రాణం ఒక గీత తగ్గుతోంది. వద్దు, వద్దు అని నా దీపం లోపల మాడిపోయేలా వెలిగాను. సెనోవారా ఇంకో గీత తిప్పింది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం గోదాముకి సెలవు. సెనోవారా నా ముందు కూర్చుని తల్లి తలని ఒళ్లో పెట్టుకుంది. రొషీదా కళ్లు సగం మూతబడ్డాయి. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య చాలాసేపు పడుతోంది. సెనోవారా ఒక చెయ్యి తల్లి గుండె మీద ఉంది. రెండో చెయ్యి నా ముఖం మీద, స్టిక్కరు మూల దగ్గర ఉంది.

గోదాములో ఆమె పని డబ్బాల మీది లేబుళ్లు పీకడం. కాగితం అంటుకుని ఉన్న ప్లాస్టిక్కుకి ధర రాదు. పొద్దస్తమానం గోటితో మూల లేపి, చీల్చి, గీకి అవతల పారేయడమే. ఆ చేతులకి అదే అలవాటైపోయి, ఇంట్లో ఊరికే కూర్చున్నా ఏదో ఒక మూల గీకుతుంటాయి. ఇప్పుడు మనసు తల్లి మీద ఉంది, గోరు తన పని తాను చేసుకుపోతోంది. రోజూ తడిగుడ్డతో తుడిచి తుడిచి ఆ మూల ముందే మెత్తబడింది. కొద్దిగా లేచింది. ఇంకొద్దిగా లేచింది.

నేను ఊపిరి బిగబట్టాను అంటే మీరు నమ్మరు. ఇంకొక్క అంగుళం తల్లీ, అనుకున్నాను.

చర్రుమంది. ఆ చప్పుడుకి సెనోవారా ఉలిక్కిపడి తన చేతి వైపు చూసుకుంది. సారు చెప్పిన మాట గుర్తొచ్చింది కాబోలు, ముఖం పాలిపోయింది. గబగబా బొటనవేలు నాలుకకి తడి చేసుకుని, లేచిన మూలని మళ్లీ అదిమి అంటించింది. గట్టిగా, నునుపుగా. నా మీద మళ్లీ చీకటి మూసుకుంది.

అప్పుడే రొషీదా గొంతులో ఏదో గురగురలాడింది. "మా!" అంటూ సెనోవారా నా మీట కోసం చెయ్యి చాపింది. చిరిగిన చోట కాగితం సరిగ్గా అతుక్కోలేదు. ఆ సందులోంచి సన్నటి వెలుతురు ఆమె గోటి మీద పడింది. పసుపు రంగు వెలుతురు. స్టిక్కరు రంగేదో అంటిందనుకుని గోరు చీరకి తుడుచుకుంది. మళ్లీ పెట్టింది. మళ్లీ పసుపే.

ఈసారి చేతి అలవాటు కాదు, మనిషే చీల్చింది. గోళ్లు దిగేలా పట్టి ఒక్క పెట్టున లాగిపారేసింది. నేను నోరంతా తెరిచి వెలుగుతున్నాను. ఆమె ఒక్క క్షణం అలా చూసి, ఫోన్ అందుకుంది.

"అక్కా, పసుపు లైటు."

సరోజన గొంతు నాకు వినిపించింది. "ఎప్పటిసంది?"

"తెల్వదక్కా. స్టిక్కరు కిందుండె."

సరోజనకి ఆ స్టిక్కరు గుర్తొచ్చింది. "మిషన్ను నమ్ముకోకు బిడ్డా. లేపు. మీ అమ్మను ఇప్పుడే లేపి పెద్ద దవాఖానకు తీస్కపో. నేను సీదా ఆడికే వస్తున్న. వాకిట్ల నిలబడి ఉంట."

సెనోవారా బయటికి పరిగెత్తింది. కిష్టయ్య కేకలు వినబడ్డాయి. "అరే, ట్రాలీల సామాను కింద పారెయ్యుండ్రి! ఎక్కించుండ్రి ఆమెను!" నలుగురు వచ్చి రొషీదాని ఎత్తుకుపోయారు. ముక్కునుంచి పైపు జారి నేల మీద పడింది. నన్ను ఆపాలని ఎవరికీ తోచలేదు. ఖాళీ గుడిసెలో, ఖాళీ చాపకి ఎదురుగా, పనికిరాని గాలిని పంపుతూ అలాగే ఉండిపోయాను. ఆమె దారిలోనే పోయిందో, చేరిందో నాకు తెలియదు. నా జీవితంలో అంత పొడుగు సాయంత్రం ఇంకోటి లేదు. చివరికి కరెంటు పోయి నా రొద ఆగింది.

రొషీదా తిరిగొచ్చింది. చాలా రోజులకి, ఇంకా సగమై, కూతురి భుజం మీద వాలి వచ్చింది. గుమ్మంలో ఆగి నన్ను చూసింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె వచ్చి నా నెత్తి మీద చెయ్యి వేసి, పడుకుంది.

ఆ వెనకే సుధీంద్ర గారు వచ్చారు. ఆయనకి ఇంకో సంస్థలో ఉద్యోగం దొరికింది. కొత్త సంస్థ, మిషన్లు ఇళ్లకే ఇచ్చే కొత్త దాత, వెంట తెచ్చిన కొత్త మిషన్. తళతళలాడుతోంది. ముందువైపు దీపం ఆకుపచ్చగా వెలుగుతోంది. ఆయన సంచీలోంచి కొత్త స్టిక్కరు తీసి, వెనక కాగితం ఒలిచి, వంగారు.

సెనోవారా దీపానికి అడ్డంగా అరచెయ్యి పెట్టింది. "ఈడ వద్దు సార్."

"ఫొటోలో కనిపించాలమ్మా. లేకపోతే ఒప్పుకోరు."

"ఫొటోల మా అమ్మ కనబడ్తే సాలదా సార్?"

ఆయన నా వైపు చూశారు. చిరిగిన జిగురు మరకలూ, వాటి మధ్య నా దీపమూ చూశారు. ఏం జరిగిందో ఎవరూ ఆయనకి చెప్పలేదు, చెప్పనక్కర్లేకపోయింది. చేతిలో స్టిక్కరు జిగురు ఆరిపోతోంది. ఫొటో లేకుండా వెళ్తే కొత్త ఉద్యోగానికి కూడా ముప్పే. ఏం చేయాలో తోచక చివరికి ఆ స్టిక్కరుని తన చొక్కా జేబు మీద అంటించుకుని, మిషన్ పక్కన నిలబడ్డారు. సెనోవారా ఫొటో తీసింది. అందులో ఆయన ముఖం ఎలా ఉందో నేను చూడలేదు. రొషీదా మాత్రం ఈసారి పైపు తియ్యలేదు. పైపుతోనే కూర్చుని ఆయనకి ఆకూ వక్కా అందించింది.

నన్ను గోదాముకి తోసుకొచ్చింది సెనోవారానే. నాకు దుఃఖం లేదు. కొత్తదాని గింజలూ ఒకనాటికి అరుగుతాయి. కొత్త దాత మనసూ ఎటో మళ్లుతుంది. కిష్టయ్య బిల్లు చూసి కేకలేసే నెల కూడా వస్తుంది. అవన్నీ తలుచుకుంటే ఈ ఇనుప కుప్పలో కూడా వణుకు పుడుతుంది నాకు. కానీ పక్కన పనిచేసే ఆడవాళ్లు పొద్దున్నే ఆమెని అడుగుతుంటారు, మీ అమ్మ ఎట్లుందని. "లైటు చూసొచ్చిన," అంటుంది. ఎట్లుందో చెప్పదు, ఆ మాటే చెబుతుంది.

ఇవాళ నా వంతు వచ్చింది. సెనోవారా స్క్రూడ్రైవరు పట్టుకుని నా ముందు కూర్చుంది. జిగురు ఉంటే ప్లాస్టిక్కుకి ధర రాదు కదా, ముందు నా ముఖం మీది మరకలు గోటితో గీకింది. దీపం చుట్టూ ఉన్నది గీకి, కొంగు తడిపి తుడిచింది. అద్దంలా అయింది. కరెంటు లేదు కాబట్టి అది వెలగలేదు, వెలిగినా పసుపే. అది ఆమెకి తెలుసు. అయినా పనిముట్టు ఒళ్లో పెట్టుకుని, దీపం వైపే చూస్తూ కాసేపు అలాగే కూర్చుంది.